కొరియా కంపెనీలో మన కుర్రాళ్ళు: చేర్పిస్తే చాలదు, నిలబెట్టాలి
(మా సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద నిలబడి ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అని లెక్క చెప్పడం మన ఆనవాయితీ. ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరుగా అచ్చయ్యాయి. కాబట్టి ఈసారి మేము లెక్క చెప్పబోవడం లేదు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పబోతున్నాం.

కిందటి రంజాన్‌లో చందా పుస్తకం పట్టుకుని రేపల్లె వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి, షర్బత్ ఇప్పించి, ఇలా అడిగారు: "ఏం భాయ్, నేను డిప్లొమా ఫీజు కట్టిన కుర్రాడు కొరియా కంపెనీలో చేరాడని మీరే వచ్చి మిఠాయి తినిపించారు. నాలుగు నెలలు తిరక్కుండానే వాడు మళ్ళీ మన సెంటర్లో కనిపిస్తున్నాడు. నా డబ్బు ఏమైనట్టు?"

ఆయన కోపంగా అడగలేదు. అందుకే మాకు ఎక్కువ బాధ కలిగింది. ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. "కుర్రాడికి అక్కడి పని పడలేదట" అని గొణిగి వచ్చేశాం. తర్వాత రెండు నెలలు మేము తిరిగొచ్చిన కుర్రాళ్ళతోనూ, అక్కడే నిలదొక్కుకున్న కుర్రాళ్ళతోనూ, వాళ్ళ తల్లిదండ్రులతోనూ కూర్చున్నాం. ఆ పెద్దాయనకు ఇవాళ అందరి ముందు జవాబు చెబుతున్నాం.

ముందుగా ఒక మాట. తిరిగొచ్చిన కుర్రాళ్ళలో పని రాక తిరిగొచ్చినవాడు మాకు ఒక్కడూ కనిపించలేదు. మెకానిక్ షెడ్డులో, పరుపుల కొట్టులో, సైకిల్ షాపులో చిన్నప్పటినుంచి చేతులు నల్లగా చేసుకున్న పిల్లలు వాళ్ళు. యంత్రం వాళ్ళను భయపెట్టలేదు. అక్కడి మనుషుల పద్ధతి అర్థం కాలేదు. మేము వాళ్ళకు ఫీజు కట్టాం, పుస్తకాలు కొన్నాం, రైలు టిక్కెట్టు తీశాం. ఆ పద్ధతి మాత్రం చెప్పి పంపలేదు. తప్పు మాది.

ఈ కొరియా సంగతి మనకెందుకు

కొరియా ఎక్కడో ఉందనుకునే రోజులు పోయాయి. చెన్నై దగ్గర శ్రీపెరంబుదూరు ప్రాంతంలో హ్యుందాయ్ 1996లో అడుగుపెట్టింది, 1998లో శాంట్రో కారును మార్కెట్‌లోకి తెచ్చింది. మన రాష్ట్రంలో కియా సంస్థ 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కార్ల కర్మాగారం కట్టింది. ఏడాదికి 3 లక్షల కార్లు తయారుచేయగల కర్మాగారం అది. 2019 ఆగస్టులో సెల్టోస్ బయటకు వచ్చింది, 2023 జూలై నాటికి అక్కడ తయారైన వాహనాల సంఖ్య పది లక్షలు దాటింది. పెద్ద కర్మాగారం వెంట విడిభాగాలు చేసే కొరియా సంస్థలు కూడా వచ్చాయి. మన కుర్రాళ్ళలో ఎక్కువమందికి మొదటి కొలువు దొరికేది ఇలాంటి చిన్న సంస్థల్లోనే. ఇక తిరుపతి జిల్లా శ్రీసిటీలో ఎల్జీ సంస్థ గృహోపకరణాల కర్మాగారానికి 2025 మే నెలలో శంకుస్థాపన జరిగింది. తెనాలిలో గానీ బాపట్లలో గానీ చెన్నై వైపు రైలెక్కిన కుర్రాడు ఆ దారి పక్కనే దిగవచ్చు.

పెనుకొండ అనగానే మన పెద్దలకు బాబయ్య దర్గా గుర్తొస్తుంది. ఉరుసుకు వెళ్ళొచ్చినవాళ్ళు ఈ సభలోనే ఉండి ఉంటారు. గుంటూరులో బండెక్కి గుంతకల్లు, ధర్మవరం మీదుగా మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళిన ఊరికి ఇప్పుడు మన పిల్లలు కొలువు కోసం వెళుతున్నారు. మొక్కుకు వెళ్ళినవాడు రెండు రోజుల్లో తిరిగొస్తే సరిపోతుంది. కొలువుకు వెళ్ళినవాడు అక్కడ నిలబడాలి.

వాళ్ళెవరో ముందు తెలుసుకుందాం

కొరియావాళ్ళు మనకు పూర్తిగా పరాయివాళ్ళేమీ కాదు. గల్ఫ్‌కు వెళ్ళొచ్చిన మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. మనవాళ్ళు ఎడారిలో చెమటోడ్చిన కాలంలోనే కొరియా కార్మికులు కూడా అక్కడే చెమటోడ్చారు. సౌదీలోని జుబైల్ పారిశ్రామిక రేవు పనిని 1976లో హ్యుందాయ్ నిర్మాణ సంస్థ చేపట్టింది. ఇల్లూ పిల్లలనూ వదిలి, డబ్బు ఇంటికి పంపి, దేశాన్ని నిలబెట్టుకున్న తరం వాళ్ళది. ఆ హ్యుందాయ్‌ను స్థాపించిన చుంగ్ జు-యుంగ్ పేద రైతు కొడుకు. తండ్రి ఆవును అమ్మిన డబ్బు పట్టుకుని కుర్రతనంలో ఇల్లు వదిలి పారిపోయాడు. ముసలితనంలో, 1998లో, తాను పుట్టిన ఉత్తర కొరియా నేలకు రెండు విడతలుగా 1,001 ఆవులను తోలుకెళ్ళి ఇచ్చాడు. ఒక్క ఆవు బాకీ అలా తీర్చుకున్నాడు. కియా కూడా 1944లో సైకిల్ విడిభాగాల పనితో మొదలైన సంస్థే. మన సైకిల్ షాపు కుర్రాడికి ఈ సంగతి చెబితే వాడి కళ్ళు మెరిశాయి.

కొరియాలో మన దీనివాళ్ళు కూడా ఉన్నారు. 1950ల యుద్ధంలో వచ్చిన తుర్కీ సైనికుల ద్వారా అక్కడ నమాజ్ మొదలైందని చెబుతారు. రాజధాని సియోల్‌లోని ఇతేవాన్‌లో పెద్ద మసీదు 1976లో ప్రారంభమైంది. కాబట్టి ముస్లిం అంటే ఎవరో తెలియని జాతి కాదు. తెలియనివాళ్ళుంటే అది చెప్పవలసిన పని మనది.

ఇక భాష. మన కుర్రాళ్ళు ముందుగా జడుసుకునేది దీనికే. అయితే నేర్చుకున్నవాళ్ళు చెప్పేది వేరు. కొరియా అక్షరాలు మౌలికంగా 24. వాటిని 15వ శతాబ్దంలో సెజోంగ్ రాజు సామాన్యుడు చదువుకోవాలని చేయించాడు. వారం పది రోజులు కూర్చుంటే చదవడం వస్తుంది. వాక్యం మన తెలుగులాగే నడుస్తుంది. "నేను అన్నం తిన్నాను" అని మనం ఏ వరుసలో అంటామో వాళ్ళూ అదే వరుసలో అంటారు, క్రియ చివర్లోనే వస్తుంది. అమ్మను "ఒమ్మా" అంటారు, నాన్నను "అప్పా" అంటారు. ఎదురుపడగానే "అన్నం తిన్నారా?" అని అడగడం మనకూ వాళ్ళకూ ఒకటే పలకరింపు. ఇంగ్లీషులో తడబడిన కుర్రాడు కొరియాలో తడబడవలసిన అవసరం లేదు.

వాళ్ళు "నే" అంటే "సరే, అవును" అని అర్థం. హిందీ, ఉర్దూ చెవికి అది "నా" అన్నట్టుగా వినిపిస్తుంది. మన బాపట్ల కుర్రాడొకడు మొదటి వారమంతా, తాను ఏమడిగినా ఆ మేనేజర్ వద్దంటున్నాడనుకుని సామాన్లు తీసుకురాకుండా ఊరుకున్నాడు. మనం తల అడ్డంగా ఊపి "సరే" అనడం వాళ్ళకు "కాదు" అన్నట్టుగా కనిపిస్తుంది. ఇద్దరూ సరే అనుకుంటూనే ఇద్దరూ కాదనుకున్నారు. ఇలాంటి చిన్న మాటల వల్లే పెద్ద గొడవలు మొదలవుతాయి.

మేము తెలుసుకున్న నాలుగు సంగతులు

మొదటిది, హోదా. కొరియా సంస్థల్లో పేరు పెట్టి పిలవరు. హోదాను పిలిచి, చివర గౌరవంగా "నిమ్" చేరుస్తారు. మేనేజర్ స్థాయివాడు గ్వాజాంగ్‌నిమ్, అతని పైవాడు బుజాంగ్‌నిమ్. కొన్ని సంస్థలు ఈ మధ్య హోదాలు తగ్గించాయి, కానీ మర్యాద తగ్గలేదు. మనం "గారు" అంటాం, "సాహెబ్" అంటాం, ఇళ్ళలో "ఆప్" అని పిలుచుకుంటాం. కాబట్టి ఈ మర్యాద మన పిల్లలకు కొత్త కాదు. పెద్దలకు ఏదైనా ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు రెండు చేతులూ వాడడం, కొంచెం వంగి పలకరించడం వాళ్ళ పద్ధతి. ఒక కుర్రాడు మమ్మల్ని అడిగాడు: "చాచా, వంగడం మనకు తగునా?" ఇమామ్ సాహెబును అడిగి చెప్పాం: రుకూలా వంగనక్కర్లేదు, తల కాస్త వంచి, చెయ్యి గుండెమీద పెట్టి చిరునవ్వుతో పలకరిస్తే మర్యాద దక్కుతుంది, మనసూ కుదుటపడుతుంది. ఆ కుర్రాడు ఇప్పటికీ అలాగే చేస్తున్నాడు. ఎవరూ తప్పు పట్టలేదు.

హోదాకు మరో ముఖం ఉంది. తన పై ఉన్న మనిషిని దాటి, అతని పైవాడికి నేరుగా చెప్పడం అక్కడ పెద్ద తప్పు కింద లెక్క. మన కుర్రాడొకడు మంచి ఆలోచనే చెప్పాడు, కానీ అందరి ముందు, పెద్ద మేనేజర్‌కు, తన లైన్ లీడర్ పక్కనుండగానే చెప్పాడు. ఆ లీడర్ ముఖం మాడిపోయింది. ఆలోచన బుట్టలో పడింది. అదే మాట ముందు లీడర్‌కు చెవిలో చెప్పి ఉంటే, ఆయనే తీసుకెళ్ళి చెప్పేవాడు, పేరు ఇద్దరికీ వచ్చేది.

రెండోది, త్వరితం. "పల్లి పల్లి" అన్న మాట అక్కడ రోజుకు ఎన్నిసార్లు వినిపిస్తుందో లెక్కలేదు. తొందరగా, తొందరగా అని అర్థం. మనం "నిదానమే ప్రధానం" అని పెరిగాం. వాళ్ళు "ఆలస్యం అమృతం విషం" అని పెరిగారు. రెండూ మన సామెతలే, కానీ మనం మొదటిదాన్నే ఎక్కువ పాటిస్తాం. ఎనిమిదింటికి షిఫ్ట్ అంటే ఎనిమిదింటికి గేటు దగ్గర ఉండడం కాదు, యూనిఫాం వేసుకుని తన చోట నిలబడి ఉండడం. చాలా చోట్ల షిఫ్ట్‌కు ముందు అందరూ కలిసి వ్యాయామం చేస్తారు, ఆ రోజు పని చెబుతారు. దాన్ని తప్పించుకున్నవాడి మీద నమ్మకం మొదటి వారంలోనే పోతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, కబురు చెప్పడం. రేపల్లె పెద్దాయన అడిగిన కుర్రాడి కథ ఇక్కడే ఉంది. ఆ కుర్రాడి అనుమతితోనే, పేరు లేకుండా చెబుతున్నాం.

ఒక విడిభాగాల సంస్థలో వాడికి ఒక యంత్రం అప్పగించారు. మూడో నెలలో ఒక రోజు మధ్యాహ్నం దాని అచ్చు కొంచెం పక్కకు జరిగింది. వస్తువులు వెంట్రుకవాసి తేడాతో వస్తున్నాయి. వాడు గమనించాడు. "సాయంత్రంలోగా నేనే సరిచేస్తాను, సార్‌కు చెప్పి తిట్లు తినడమెందుకు" అనుకున్నాడు. మధ్యలో కొరియా మేనేజర్ వచ్చి "ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది సార్, అయిపోతుంది సార్" అన్నాడు. మన ఊళ్ళో ఇది అబద్ధం కాదు, మర్యాద. పెద్దవాళ్ళకు చెడ్డ మాట చెప్పి మనసు నొప్పించకూడదని మనం నేర్పినదే. సాయంత్రానికి ఆ వస్తువులు లారీ ఎక్కాయి, తర్వాత అన్నీ వెనక్కి వచ్చాయి. మేనేజర్ అందరి ముందూ గట్టిగా అరిచాడు. వాడికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు ఎవరికీ చెప్పకుండా బ్యాగు సర్దుకుని రైలెక్కేశాడు.

మేము వాడిని అడిగాం: "దేనికి అరిచాడు, తప్పు జరిగినందుకా?" వాడు కాసేపు ఆలోచించి చెప్పాడు: "కాదు బాబాయ్. అచ్చు జరిగినందుకు ఏమీ అనలేదు. 'నేనడిగినప్పుడు బాగుందని ఎందుకన్నావు' అని అదే పదిసార్లు అడిగాడు."

కొరియాలో దీన్ని "బోగో" అంటారు, పైవాళ్ళకు వేళకు కబురు చెప్పడం. పని పూర్తయ్యాక చెబితే చాలదు. సగంలో ఉన్నప్పుడు చెప్పాలి, చిక్కు రాగానే చెప్పాలి. చెడ్డ కబురైతే ముందుగా చెప్పాలి. ఎంత అయింది, ఎక్కడ ఆగింది, నేనేం చేస్తున్నాను, మీరేం చేయాలి అన్న నాలుగు ముక్కలు చాలు. ఇంగ్లీషు రాకపోతే ఫోన్‌లో ఫొటో తీసి చూపించాలి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాలి. చెడ్డ కబురు తొందరగా చెప్పినవాడిని వాళ్ళు నమ్ముతారు. దాచినవాడు ఎంత పనిమంతుడైనా నమ్మరు. అమానతును కాపాడడం అని మనం మసీదులో వింటాం కదా, ఇది కూడా అందులోదే.

ఆ కుర్రాడు చెప్పకుండా వచ్చేయడంతో నష్టం వాడొక్కడితో ఆగలేదు. మన సంఘం చిట్టీతో అదే సంస్థకు వెళ్ళిన తర్వాతి అబ్బాయిని "నువ్వూ చెప్పకుండా పోతావా?" అని అడిగారట. ఒక్కడు వదిలేసిన తలుపు మరొకడి ముఖం మీద మూసుకుంటుంది.

నాలుగోది, మాటల్లో చెప్పని మాటను పట్టుకోవడం. దీన్ని వాళ్ళు "నున్చి" అంటారు. ఎదుటివాడి ముఖం చూసి, సందర్భం చూసి నడుచుకోవడం. మన అత్తవారింట్లో కొత్త అల్లుడికి ఉండవలసిన తెలివి అదే. పైవాడు చేతిలో పని ముగించుకుంటుంటే మధ్యలో వెళ్ళి సెలవు అడగకూడదు. ఖాళీగా కనిపించినప్పుడు అడిగితే దొరుకుతుంది. ఇది చదువుతో రాదు, చూసి నేర్చుకోవాలి. అందుకే కొత్తవాడి పక్కన ఒక పాతవాడు ఉండాలి.

నమాజ్, రోజా, విందు

ఇప్పుడు మన తల్లులు అందరికన్నా ముందుగా అడిగే ప్రశ్న: అక్కడ మా అబ్బాయి దీన్ నిలుస్తుందా?

బాపట్ల నుంచి వెళ్ళిన ఒక కుర్రాడు మొదటి శుక్రవారం ఎవరికీ చెప్పకుండా జుమాకు వెళ్ళాడు. లైన్‌లో వాడి చోటు ఖాళీగా కనిపించింది. పని వదిలి పోయాడని రాసుకున్నారు. వాడు ఇంటికి ఫోన్ చేసి, నమాజ్ చేసుకోనివ్వడం లేదని ఏడ్చాడు. మేము వివరం కనుక్కుంటే, వాడు అసలు అడగనే లేదు. "అడగందే అమ్మైనా పెట్టదు" అన్నారు పెద్దలు. తర్వాత వారం వాడు తన లీడర్‌తో మాట్లాడి, శుక్రవారం భోజన విరామం పక్కవాడితో మార్చుకుని, ఆ పక్కవాడికి వేరే రోజు తాను సాయం చేస్తానన్నాడు. కొరియా మేనేజర్ అడిగింది ఒక్కటే: "ఎన్ని నిమిషాలు?" వాడు నిమిషాలు చెప్పాడు, చెప్పిన నిమిషానికి తిరిగొచ్చాడు. ఆ మేనేజరే తర్వాత వారం గడియారం చూసి "నీ ప్రార్థన వేళ కాలేదా?" అని గుర్తుచేశాడు.

అన్ని చోట్లా ఇలాగే జరుగుతుందని మేము హామీ ఇవ్వం. కొన్ని చోట్ల కుదరదు. కుదిరినా కుదరకపోయినా ముందు అడగాలి, లెక్కగా అడగాలి, మాట నిలబెట్టుకోవాలి.

రంజాన్ విషయమూ అంతే. ఉపవాసం ఉన్న సంగతి ముందే చెప్పాలి. వేడి యంత్రం దగ్గర, ఎత్తు మీద పని చేసేవాడు కళ్ళు తిరిగి పడితే వాడికే కాదు, పక్కవాడికీ ముప్పు. షిఫ్ట్ మార్పు అడగాలి. ఆరోగ్యం, ప్రయాణం విషయంలో షరీయత్ ఇచ్చిన వెసులుబాటు ఏమిటో ఆలిమ్‌ల దగ్గర తెలుసుకోవాలి.

ఇక విందు. కొరియా సంస్థల్లో పని ముగిశాక అందరూ కలిసి తినే అలవాటు ఉంది, "హ్వేశిక్" అంటారు. అక్కడ మద్యం ఉంటుంది, పంది మాంసం ఉంటుంది. పై ఉద్యోగి పోస్తే కాదనడం అమర్యాద అన్న అలవాటూ ఉంది. మన కుర్రాళ్ళు రెండు విధాలుగా తప్పు చేశారు. కొందరు అసలు వెళ్ళడం మానేశారు, దాంతో తమను వెలివేసినట్టుగా వాళ్ళు బాధపడ్డారు. ఒకరిద్దరు మొహమాటానికి లొంగిపోయారు, తర్వాత ఇంటికి రావడానికే సిగ్గుపడ్డారు. దారి రెండింటికీ మధ్యలో ఉంది. మొదటి వారంలోనే, విందు వేళ కాకుండా, లీడర్‌కు నవ్వుతూ చెప్పాలి: "మా మతంలో మద్యమూ పంది మాంసమూ నిషిద్ధం. కానీ మీతో కూర్చోవడం నాకిష్టం." కూరగాయలు, చేప, గుడ్డు, అన్నం తినవచ్చు. గ్లాసులో నీళ్ళో కూల్‌డ్రింకో పోసుకుని అందరితోపాటు కూర్చోవచ్చు. ఒకసారి స్థిరంగా చెప్పినవాడిని రెండోసారి బలవంతపెట్టలేదని మన పిల్లలే చెప్పారు. రోజుకో మాట చెప్పినవాడినే మళ్ళీ మళ్ళీ అడిగారు.

తెనాలి అబ్బాయి ఒకడు ఈద్‌కు ఇంటికి రాలేక, గదిలో షీర్ ఖుర్మా చేసి డబ్బాలో పట్టుకెళ్ళి తన లైన్‌లో అందరికీ, కొరియా మేనేజర్‌కూ పెట్టాడు. ఆయన రెండు చేతులతో గిన్నె అందుకుని, ఫోన్‌లో అనువాదం పెట్టుకుని "ఇది మీ పండుగా? మీ అమ్మ దగ్గరకు ఎందుకు వెళ్ళలేదు?" అని అడిగాడట. చూసోక్ పండుగకు తాను కూడా ఇంటికి వెళ్ళలేకపోయానని చెప్పాడట. ఇల్లు వదిలి వచ్చిన ఇద్దరు మనుషులు ఆ గిన్నె దగ్గర కలుసుకున్నారు.

వినయం అంటే నోరు మూసుకోవడం కాదు

ఇంతసేపూ మేము మన పిల్లలు ఎలా సర్దుకోవాలో చెప్పాం. ఇంకో వైపు చెప్పకపోతే దాతలకూ పిల్లలకూ అన్యాయం చేసినవాళ్ళమవుతాం.

క్రమశిక్షణ వేరు, అవమానం వేరు. గట్టిగా మాట్లాడడం కొన్ని చోట్ల అలవాటు కావచ్చు. చెయ్యి చేసుకోవడం, కులాన్నో మతాన్నో దూషించడం ఎవరి అలవాటూ కాదు, అది నేరం. అలాంటప్పుడు రాత్రికి రాత్రి రైలెక్కకుండా, తేదీ, వేళ, సాక్షులు రాసి, మానవ వనరుల విభాగానికి రాతపూర్వకంగా ఇవ్వాలి, నకలు దాచుకోవాలి, మాకు ఫోన్ చేయాలి.

భద్రత విషయంలో మొహమాటమే ఉండకూడదు. 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురంలో, కొరియా సంస్థకు చెందిన ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు లీకై 12 మంది చనిపోయిన సంగతి మనమెవరం మరచిపోలేదు. పల్లి పల్లి అన్నది పనికి, ప్రాణానికి కాదు. రక్షణ కంచె తీసేసిన యంత్రం మీద చెయ్యి పెట్టమంటే వద్దనడం కూడా బోగోయే. అది చెడ్డ కబురు, అందుకే ముందు చెప్పాలి.

హక్కుల మాటా అంతే. 2024 సెప్టెంబరు 9న శ్రీపెరంబుదూరు శామ్‌సంగ్ కర్మాగారంలో కార్మికులు సమ్మెకు దిగారు, అది అక్టోబరు మధ్య వరకు నడిచి చర్చలతో ముగిసింది. కొరియా దేశంలోనూ కార్మిక సంఘాలున్నాయి, అక్కడ 2018 నుంచి వారానికి 52 గంటల పరిమితిని దశలవారీగా తెచ్చారు. కాబట్టి హక్కు అడిగినవాడు కొరియా పద్ధతికి విరోధి కాడు. మన పిల్లలు చేరేముందే చూసుకోవలసినవి ఇవి: నియామకం సంస్థ పేరు మీదనా, కాంట్రాక్టరు పేరు మీదనా? చేతికిచ్చిన కాగితం ఏమిటి? పీఎఫ్ ఖాతా సంఖ్య వచ్చిందా? ఈఎస్ఐ కార్డు ఉందా? ఓవర్‌టైం ఎలా లెక్కిస్తారు? ఈ ఐదు ప్రశ్నలు అడగకుండా ఏ కుర్రాడినీ ఇకమీదట పంపం.

ఇక మన వంతు

రేపల్లె పెద్దాయన అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది: అయ్యా, మీ డబ్బు వృథా కాలేదు, కానీ సగంలో ఆగింది. మనం కుర్రాడిని గేటు దాకా తీసుకెళ్ళాం. గేటు లోపల మొదటి ఆరు నెలలు వాడిని ఒంటరిగా వదిలేశాం.

అందుకే కార్యవర్గం కొన్ని నిర్ణయాలు తీసుకుంది. కొలువుకు వెళ్ళే ప్రతి అబ్బాయికీ, అమ్మాయికీ వెళ్ళేముందు కొన్ని వారాల తరగతి పెడతాం. కొరియా అక్షరాలు, పలకరింపులు, అంకెలు, పనిముట్ల పేర్లు, కబురు చెప్పే పద్ధతి అందులో నేర్పుతాం. నేర్పేది బయటివాళ్ళు కాదు, అక్కడ పనిచేసి సెలవుకు వచ్చిన మన పిల్లలే. బాగా నేర్చుకున్నవాళ్ళు కొరియా భాషా పరీక్ష టోపిక్ రాయాలనుకుంటే ఆ ఫీజు సంఘం భరిస్తుంది. అందులో మొత్తం ఆరు స్థాయిలు. పై స్థాయికి వెళ్ళినవాడికి దుబాసీ పని కూడా దొరుకుతుంది, అది లైన్ పనికన్నా మెరుగు.

రెండోది, కొత్తగా చేరిన ప్రతివాడికీ అక్కడే ఉన్న ఒక పాతవాడిని అన్నగా అప్పగిస్తాం. మొదటి ఆరు నెలలు వారానికొకసారి ఫోన్ చేసే బాధ్యత ఆ అన్నది. చెప్పకుండా వచ్చేయాలనిపించిన రాత్రి ముందు అన్నకు ఫోన్ చేయాలన్నదే మా ఏకైక షరతు.

మూడోది, డబ్బు లెక్క. జకాత్ సొమ్ము ఆలిమ్‌ల సలహా ప్రకారం అర్హులైన పేద విద్యార్థుల చేతికే చేరుతుంది, అందులో ఒక్క పైసా తరగతి ఖర్చుకు వాడం. తరగతి గది, పుస్తకాలు, ఫోన్ ఖర్చులు, పరీక్ష ఫీజులు సదఖా, సాధారణ చందాల నుంచే వస్తాయి. రెండింటికీ వేర్వేరు ఖాతాలున్నాయి, ఎవరైనా ఎప్పుడైనా చూడవచ్చు.

దాతలకు మా మనవి కూడా డబ్బు గురించి మాత్రమే కాదు. గల్ఫ్‌లో పాతికేళ్ళు పరాయి యజమానుల దగ్గర నెగ్గుకొచ్చినవాళ్ళు మీలో ఉన్నారు. మీరు వచ్చి ఒక సాయంత్రం ఆ కుర్రాళ్ళతో మాట్లాడండి. మొదటి తిట్టు తిన్న రాత్రి మీకెలా అనిపించిందో, మర్నాడు పనికి ఎలా వెళ్ళారో చెప్పండి. ఆ మాట మేము వంద పుస్తకాలు కొనిచ్చినా రాదు.

చివరిగా, ఆ రేపల్లె కుర్రాడి సంగతి. మా మాట మీద వాడు తన పాత మేనేజర్‌కు ఉత్తరం రాశాడు. కొరియా చదివిన మన అబ్బాయి ఒకడు సాయం చేశాడు. "మీరు అడిగినప్పుడు నిజం చెప్పలేదు, చెప్పకుండా వెళ్ళిపోయాను, రెండూ నా తప్పులే" అని రాశాడు. ఉద్యోగం తిరిగి ఇమ్మని అడగలేదు. జవాబుగా రెండు వాక్యాలు వచ్చాయి. మళ్ళీ ఖాళీలు పడినప్పుడు దరఖాస్తు పెట్టుకోమని మొదటిది. ఈసారి ముందుగా చెప్పమని రెండోది. ఖాళీలు ఇంకా పడలేదు. వాడు ఇప్పుడు సాయంత్రాలు మన తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని ఆ అక్షరాలు దిద్దుతున్నాడు. ఆ పెద్దాయన ఈ సభలోనే ఉన్నారు, కుర్రాడూ ఉన్నాడు. భోజనాల దగ్గర ఇద్దరూ ఒకే దస్తర్‌ఖాన్ మీద కూర్చోవాలని మా కోరిక.

మన పిల్లల చేతులకు పని, ఆ పనిలో నిజాయితీ, ఆ నిజాయితీలో బరకత్ ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకుంటున్నాం.